ఆలోచన పిల్లవాడిది, తప్పెవరిది?

విశాఖలో నీట్ శిక్షణ పొందుతున్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టాలన్నది అందులో ఒకటి. మార్కులను బట్టి పిల్లలను వేరుచేయడం, అందరిలో అవమానించడం మానాలన్నది మరొకటి. యాజమాన్యాలు మొదటిదాన్ని అమలుచేసి, రెండోదాన్ని గాలికొదిలేసే ప్రమాదం పొంచి ఉంది.

కౌన్సెలర్లు వాడే పద్ధతుల్లో కాగ్నిటివ్ రీస్ట్రక్చరింగ్, అంటే తప్పుడు ఆలోచనను పరీక్షించి సరిదిద్దుకోవడం, ముఖ్యమైనది. అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో కుంగుబాటు రోగుల కోసం రూపొందించిన చికిత్సకు అది గుండెకాయ. పక్క బెంచీవాళ్లు నవ్వగానే తొమ్మిదో తరగతి కుర్రాడు చెయ్యి చేసుకున్నాడనుకుందాం. ఏం జరిగింది, అప్పుడు ఏమనిపించింది, అందుకు రుజువేమిటి, మరోలా అయ్యుండే వీలుందా అన్నవి కాగితం మీద గడులు గీసి అతనిచేతే రాయిస్తారు. ‘నన్ను చూసే నవ్వారు’ అన్నది నిజం కాకపోవచ్చని అతనే గ్రహిస్తే కోపం దిగుతుంది. దూకుడు పిల్లలు ఎదుటివారి చేష్టల్లో లేని శత్రుత్వాన్ని చూస్తుంటారని పరిశోధనలూ చెబుతున్నాయి.

కానీ నిజంగానే అతన్ని చూసి నవ్వితే? మాస్టారే మార్కులు పైకి చదివి నవ్వించి ఉంటే? అప్పుడు కూడా ‘సార్ నా మంచికే అన్నారు’ అని రాయించడం చికిత్స కాదు, నోరు నొక్కడం. ఇంట్లో లైంగిక వేధింపు భరిస్తూ బడిలో తిరగబడే బిడ్డతో ‘అతిగా ఆలోచిస్తున్నావు’ అనడం ఇంకా ఘోరం. అలాంటి నేరం తెలిస్తే ఫిర్యాదు చేయాల్సిందేనని 2012 నాటి పోక్సో చట్టం చెబుతోంది. రెండు రోజుల వర్క్‌షాపుకు పంపి కౌన్సెలర్ కుర్చీలో కూర్చోబెట్టిన వ్యాయామ ఉపాధ్యాయుడికో, హాస్టల్ వార్డెన్‌కో అపోహకూ నిజమైన అన్యాయానికీ ఉన్న ఈ తేడా తెలుస్తుందనుకోవడం అత్యాశే.

అందుకే ముందు రుజువు చూడాలి, ఆ తర్వాతే ఆలోచన జోలికి పోవాలి. పిల్లవాడు రాసిన కాగితం, ప్రాణాపాయం, వేధింపు వంటి సందర్భాల్లో తప్ప, ప్రిన్సిపాల్ బల్ల మీదికి చేరకూడదు. తప్పు బడిదేనని తేలితే ఆ మాట యాజమాన్యం మొహానే చెప్పే రక్షణ కౌన్సెలర్‌కు ఉండాలి. జీతమిచ్చేవారికి భయపడే కౌన్సెలర్ చేతిలో ఈ పద్ధతి బెత్తం కన్నా ప్రమాదకరం. బెత్తం దెబ్బ తిన్నవాడికి కనీసం తనకు అన్యాయం జరిగిందని తెలుస్తుంది. తన బుర్రే చెడ్డదని నమ్మినవాడు ఇక ఎవరికీ చెప్పుకోడు.