పాఠభేదాలు లేని పాఠం: అరిస్టాటిల్ కెథార్సిస్, డిజిటల్ ఉపకరణాలు

తెలుగు శాఖల్లో తులనాత్మక కావ్యశాస్త్రం చదివినవారికి అరిస్టాటిల్ అనగానే స్ఫురించే మాట కెథార్సిస్. విషాద నాటకం జాలిని, భయాన్ని రేకెత్తించి ఆ భావాలను ప్రక్షాళన చేస్తుందని తరగతిలో చెబుతాం. దానిని రసానుభూతితోనో సాధారణీకరణంతోనో పోలుస్తాం. ఇంతకాలం ఈ పోలిక ఇంగ్లీషు అనువాదాల మీద నడిచింది. గ్రీకు గ్రంథాలు తెర మీదికి వచ్చాక మన వ్యాసాల్లో "గ్రీకు మూలంతో సరిచూడగా" అనే పదబంధం కనిపించడం మొదలైంది. నేనూ అలాగే రాశాను. నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయపు తొలి ప్రతిని చూసిన పర్యవేక్షకులు ఆ వాక్యం పక్కన పెన్సిలుతో రెండే మాటలు రాశారు: "ఏ మూలం?" ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ చాలా వ్యాసాల్లో లేదని, ఉండవలసిన అవసరం ఉన్నదని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

డిజిటల్ ఉపకరణాలు గ్రీకు తత్త్వ గ్రంథాలను మనకు చేరువ చేశాయి. అదే సమయంలో ఆ గ్రంథాల్లోని అనిశ్చితిని మన కంటికి కనబడకుండా చేశాయి. రెండవ మాటను విస్మరించి మొదటి మాటకే హర్షం ప్రకటించడం పరిశోధన అనిపించుకోదు.

ఈ ఉపకరణాల చరిత్రను కంప్యూటరుతో మొదలుపెట్టడం పొరపాటు. ప్లేటో సంభాషణలను ఈనాటికీ 1578లో స్టెఫానస్ అచ్చువేసిన ప్రతిలోని పుటసంఖ్యలతోనే ఉటంకిస్తున్నాం. అరిస్టాటిల్‌కు 1831లో బెర్లిన్ అకాడమీ కోసం బెకర్ సిద్ధం చేసిన ప్రతిలోని పుట, వరుస, పంక్తి సంఖ్యలే ఆధారం. 1870లో బోనిట్స్ అరిస్టాటిల్ పదాలన్నింటికీ ఒక మహాసూచిక కూర్చాడు. 1972లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అర్వైన్‌లో మొదలైన థెసారస్ లింగ్వే గ్రేకే, టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో రూపొందిన పెర్సియస్ గ్రంథాలయం ఈ పునాదుల మీదే నిలిచాయి. ఆ పరిష్కర్తల నుంచి ఈ వేదికలు సంఖ్యలను తీసుకున్నాయి, పాఠాన్ని తీసుకున్నాయి. పుట అడుగున పరిష్కర్త చిన్న అక్షరాల్లో ఇచ్చిన పాఠభేదాలను మాత్రం వదిలేశాయి.

వదిలేయడం వల్ల పోయేదేమిటో కెథార్సిస్ వాక్యమే చెబుతుంది. 'పొయెటిక్స్' ఆరవ అధ్యాయంలో, బెకర్ సంఖ్య 1449బి28 దగ్గర, విషాద నాటక నిర్వచనం చివర రెండు మాటలున్నాయి: పాథేమాతోన్ కాథార్సిన్. భావాల ప్రక్షాళన, లేదా అనుభవాల ప్రక్షాళన అని అర్థం చెబుతారు. అయితే ఈ గ్రంథానికి అత్యంత ప్రధానమైన వ్రాతప్రతి పారిస్‌లో ఉన్నది, పదవ శతాబ్దపుది. అందులో ఉన్న మాట పాథేమాతోన్ కాదు, మాథేమాతోన్. మొదటి అక్షరం ఒక్కటే తేడా. అర్థం మాత్రం 'నేర్చుకున్న విషయాల' అని మారిపోతుంది. పరిష్కర్తలు దీనిని లేఖక దోషంగా భావించి పాథేమాతోన్‌నే స్వీకరించారు. ఆ నిర్ణయం సరైనదేనని నేనూ అనుకుంటాను. కాని అది ఒక నిర్ణయం. తెర మీద చదివేవారికి అది నిర్ణయంగా కనిపించదు, అరిస్టాటిల్ స్వయంగా రాసి ఇచ్చిన మాటగా కనిపిస్తుంది.

వివాదం ఆ ఒక్క అక్షరంతో ఆగలేదు. ఈ రెండు మాటలూ లేఖకుల చేతిలో చెడిపోయాయని, అసలు పాఠం 'ప్రాగ్మాతోన్ సూస్తాసిన్', అంటే సంఘటనల కూర్పు అని ఉండాలని 1954లో పెత్రుషెవ్‌స్కి ప్రతిపాదించాడు. ఆ పదబంధం అదే అధ్యాయంలో మళ్ళీ వస్తుంది కాబట్టి ఈ ఊహ గాలిలోంచి పుట్టింది కాదు. 2003లో గ్రెగరీ స్కాట్, 2007లో క్లౌదియో వెలోసో కెథార్సిస్ ప్రస్తావన ప్రక్షిప్తమని వాదించారు. 'పాలిటిక్స్' ఎనిమిదవ భాగంలో (1341బి) అరిస్టాటిల్ ఈ మాటను కావ్యశాస్త్ర సందర్భంలో మరింత స్పష్టంగా వివరిస్తానని మాట ఇచ్చాడు. మనకు దక్కిన 'పొయెటిక్స్'లో ఆ వివరణ లేదు. దీనిని ఆ భాగం నష్టమైపోయిందనడానికి కొందరు వాడుకున్నారు, ఆ మాట అక్కడ మొదటినుంచీ లేదనడానికి మరికొందరు వాడుకున్నారు. ప్రక్షిప్తవాదంతో నేను ఏకీభవించను. ఏకీభవించకపోవడానికైనా ముందు అది ఉన్నదని తెలియాలి కదా!

"ఒకటికి రెండు చోట్ల సరిచూశాం" అనే సమాధానం వినిపిస్తుంది. రెండు చోట్లు ఏవి? థెసారస్‌లోని 'పొయెటిక్స్' రుడాల్ఫ్ కాసెల్ 1965లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ప్రకటించిన పాఠం. పెర్సియస్‌లోనిదీ కాసెల్ పాఠమే. ఒకే సాక్షిని రెండు గదుల్లో విచారించి ఇద్దరు సాక్షులు ఏకాభిప్రాయంతో ఉన్నారని తీర్పు రాసుకోవడం లాంటిది ఇది. 2012లో తరాన్, గుటాస్ మరో సంశోధిత ప్రతిని వెలువరించారు. రెండు గ్రీకు వ్రాతప్రతులతో పాటు 1278 నాటి మోర్బెక్ లాటిన్ అనువాదాన్ని, సిరియాక్ నుంచి పదవ శతాబ్దంలో వచ్చిన అరబిక్ అనువాదాన్ని వారు సాక్ష్యాలుగా కూలంకషంగా పరిశీలించారు. ఈ నలుగురు సాక్షులు ఎక్కడ కలుస్తారో ఎక్కడ విడిపోతారో వెతుకుడు పెట్టెలో మాట టైపు చేసినంత మాత్రాన తెలియదు.

ఇక వెతకడం సంగతి. ఈ ఉపకరణాల గొప్పతనమంతా ఇక్కడే ఉన్నదంటారు. నిజమే, కొంత ఉన్నది. కెథార్సిస్ అనే మాట కోసం వెతికితే 'పొయెటిక్స్' అంతటిలో అది రెండే సార్లు వస్తుందని క్షణంలో తేలుతుంది. ఒకటి నిర్వచనంలో. రెండవది 1455బి15 దగ్గర, ఒరెస్టిస్ శుద్ధికర్మ కథాంశంగా. అరిస్టాటిల్ జీవశాస్త్ర గ్రంథాల్లో అదే మాట శరీర స్రావాలకు, ముఖ్యంగా ఋతుస్రావానికి పదేపదే వస్తుంది. ఈ వ్యాప్తిని చూస్తే 'ప్రక్షాళన' అనే మన గంభీరమైన అనువాదం కొంచెం కంగారు పడవలసిందే. అయితే బోనిట్స్ సూచిక ఈ ప్రయోగాలను అప్పటికే చూపింది. చూపడమే కాక అర్థాన్ని బట్టి వర్గీకరించింది. అంతకు ముందే, 1857లో, యాకోబ్ బెర్నేస్ కెథార్సిస్‌ను వైద్య పరిభాషగా వ్యాఖ్యానించాడు. వారిద్దరూ గ్రంథాలను చదివి ఏరారు. యంత్రం ఏరదు, పోగు చేస్తుంది.

ఆ పోగులో చేరనిది ఇంకా ముఖ్యం. 'పొయెటిక్స్' పద్నాలుగవ అధ్యాయంలో (1453బి12) అరిస్టాటిల్ విషాద నాటకానికే చెందిన ఆనందాన్ని గురించి చెబుతాడు. అది జాలి, భయాల నుంచి అనుకరణ ద్వారా కలిగే ఆనందం. శోకం లోకంలో దుఃఖమై కావ్యంలో ఆస్వాద్యం ఎందుకవుతుందని అడిగే రసవాదికి కెథార్సిస్ కన్నా ఈ వాక్యమే దగ్గరి చుట్టం. కాని ఇక్కడ కెథార్సిస్ అనే మాట లేదు. కాబట్టి వెతుకులాటలో ఈ వాక్యం రాదు. మన తులనాత్మక వ్యాసాల్లో అంతగా రాకపోవడానికి ఇదొక కారణమని నా అనుమానం. అధ్యాయం మొదటినుంచి చివరిదాకా చదివినవారికి మాత్రం తప్పకుండా తగులుతుంది.

పెర్సియస్‌లో ఒక పదం మీద నొక్కితే దాని వ్యాకరణ విశ్లేషణలు వరుసగా వస్తాయి. రూపం ఒకటే అయి విభక్తులు రెండో మూడో సాధ్యమైనప్పుడు గణాంక పద్ధతి ఒకదానిని సూచిస్తుంది, పాఠకులు ఓటు కూడా వేయవచ్చు. విభక్తి నిర్ణయానికి ఓటింగు! గ్రీకు చదవగలిగినవారికి ఇది వినోదం. గ్రీకు రాకుండా ఈ సహాయం మీదే ఆధారపడినవారికి, అంటే మనలో అధిక సంఖ్యాకులకు, ప్రమాదం.

సోక్రటీస్ పూర్వుల విషయం మరీ చిక్కు. పార్మెనిడీస్ కావ్యభాగాలు మనకు చాలావరకు దక్కింది ఆయన తరువాత దాదాపు వెయ్యేళ్ళకు, క్రీ.శ. ఆరవ శతాబ్దంలో, సింప్లీకియస్ ఉటంకించడం వల్ల. అవే పంక్తులు సింప్లీకియస్ వ్యాఖ్యానంలోనూ పార్మెనిడీస్ ఖండికల సంకలనంలోనూ ఉంటాయి. లెక్కపెట్టే యంత్రం రెండుసార్లు లెక్కపెడుతుంది. పద సంఖ్యల పట్టికలు ఇచ్చేవారు దీనిని తీసివేశామని చెప్పాలి.

"తెలుగు పరిశోధకుడు గ్రీకు పాఠ పరిష్కర్త కావాలా?" అని అడగవచ్చు. అక్కరలేదు. అనువాదం మీద ఆధారపడితే ఆ మాటే చెప్పడం గౌరవప్రదం. థెసారస్ పూర్తి సంపుటి చందా కట్టిన సంస్థలకే తెరుచుకుంటుంది. ఉచితంగా లభించేది కొంత భాగమే. అందువల్ల మనం ఎంచుకునే ప్రతి చాలాసార్లు మంచిదని కాక, దొరికిందని ఎంచుకున్నదే. ఆ పేదరికం మన తప్పు కాదు. దానిని మూలపరిశీలన అని పిలవడం మన తప్పు.

యంత్రం స్వభావమే ఇంత అని కూడా నేను అనను. క్రీ.శ. 79లో వెసూవియస్ విస్ఫోటనంలో బొగ్గయిపోయిన హెర్క్యులేనియం పపైరస్ చుట్టలను విప్పకుండానే ఎక్స్ కిరణాలతో చదివే ప్రయత్నంలో 2023లో ఊదారంగును సూచించే ఒక గ్రీకు పదం బయటపడింది. అక్కడ యంత్రం చూపిన సిరా జాడలను చదివింది పపైరస్ పండితులు. సందేహం ఉన్న అక్షరం కింద చుక్క, పూరించిన అక్షరాలకు చదరపు కుండలీకరణాలు: తమ శాస్త్రంలో స్థిరపడిన ఈ సంకేతాలను వారు డిజిటల్ పాఠాల్లోకీ తెచ్చుకున్నారు. తెలియనిది తెలియనట్టుగా అచ్చువేయడం సాధ్యమే. పండితులు పట్టుబట్టిన చోట జరిగింది.

ఈ పోలికలో రెండవ పక్షాన ఉన్న గ్రంథం సంగతి మనకు బాగా తెలుసు. అభినవభారతితో కూడిన నాట్యశాస్త్రం తొలి సంపుటాన్ని 1926లో బరోడా నుంచి వెలువరించినవాడు మానవల్లి రామకృష్ణకవి, మన పండితుడే. ఆ వ్యాఖ్యాన ప్రతులు ఎంత చెడిపోయి ఉన్నాయంటే, అభినవగుప్తుడే దిగివచ్చినా తన మూలాన్ని పునరుద్ధరించుకోలేడని ఆయన వాపోయాడు. ఏడవ అధ్యాయంపై వ్యాఖ్యానం చాలావరకు లేదు. అభినవభారతిని ఉటంకించే విద్యార్థిని మన ఆచార్యులు సంపుటం, పుట అడుగుతారు, పాఠం సందిగ్ధమైతే ఆ మాటా అడుగుతారు. అదే విద్యార్థి అదే పుటలో అరిస్టాటిల్‌ను ఉటంకిస్తే ఏమీ అడగరు. గ్రీకు పాఠం నిష్కళంకమని మనకు ఎవరు చెప్పారు?

కాబట్టి ఈ పత్రికతో సహా మన పరిశోధన పత్రికలు గ్రీకు మూలాన్ని ప్రస్తావించే ప్రతి వ్యాసం నుంచి పరిష్కర్త పేరు, ప్రచురణ సంవత్సరం, స్టెఫానస్ లేదా బెకర్ సంఖ్య కోరాలి. వాదం ఒకే పదం మీద నిలిచినప్పుడు ఆ చోట పాఠభేదాలు చూశారో లేదో కూడా అడగాలి. దీనివల్ల కొన్ని వ్యాసాలు తగ్గితే తగ్గనివ్వండి. నా అధ్యాయంలో ఆ వాక్యాన్ని దిద్దాను. ఇప్పుడు అక్కడ "కాసెల్ పాఠం, 1449బి28, పారిస్ ప్రతిలో మాథేమాతోన్" అని ఉన్నది. దాని మీద కట్టిన రెండు పుటల పోలికను ఇంకా తిరిగి రాయవలసి ఉన్నది.