పిల్లల ఓర్పుని పొగిడింది చాలు, బడిని నిలదీద్దాం



పదో తరగతి ఫలితాలు వచ్చే రోజుల్లో ప్రతి ఏడూ కొన్ని వార్తలు చూస్తాం. కరెంటు సరిగ్గా లేని గూడెం నుంచి వచ్చిన చెల్లి, వాగు దాటి బడికి పోయిన తమ్ముడు, కూలి చేసుకుంటూ చదివి సీటు కొట్టిన అన్న. ఫొటో షేర్ చేస్తాం, శభాష్ అంటాం. అనాల్సిందే, వాళ్లు కష్టపడ్డారు. మరి అదే వాగు దాటి, అదే హాస్టల్లో నేల మీద పడుకుని, ఏడులోనో ఎనిమిదిలోనో బడి మానేసిన మిగతా పిల్లల సంగతేంటి? వాళ్లకి పట్టుదల తక్కువా?

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం అక్షరాస్యత 73 శాతం, ఎస్టీల్లో 59 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీల్లో 49 శాతమే. పిల్లల బద్ధకం వల్ల ఇంత తేడా రాదు. అడవిలో, పొలంలో, ఆకలిలో పెరిగిన మన పిల్లలకి ఓర్పు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ ఓర్పంతా చదువుకి పనికొస్తోందా, లేక బడిని తట్టుకోవడానికే ఖర్చయిపోతోందా? నేను అడిగేది ఇదే.

మొదట భాష చూడండి. గోండిలో నీళ్లని యేర్ అంటారు, కోయలో ఏరు అంటారు. ఒకటో తరగతి పాప "ఏరు" అంటే తెలుగు మాత్రమే తెలిసిన సారుకి వాగు గుర్తొస్తుంది. పాపకి దాహం తీరదు, సారుకి విషయం అర్థం కాదు. నీళ్లు అడగడానికే ఇంత తిప్పలైతే లెక్కలు ఎట్లా వస్తాయి? మూడో తరగతికల్లా ఆ పిల్ల నోరు మూసుకోవడం నేర్చుకుంటుంది. "మీవాళ్లు మందకొడి" అనే ముద్ర పడేది అప్పుడే.

దీనికి మందు ఎవరికీ తెలియదనుకోకండి. 1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాక, నిజాం సర్కారు మన సమస్యలు తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ని పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకే ట్రైనింగ్ ఇచ్చి పంతుళ్లని చేశారు, గోండిలో వాచకాలు రాయించారు. అంటే ఎనభై ఏళ్ల కిందటే దారి దొరికింది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయ, గోండి, కొలామి, సవర, కువి లాంటి ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టారు. ఆ పుస్తకాలు ఇవాళ ఎన్ని బళ్లలో పిల్లల చేతుల్లో ఉన్నాయో మీ మండలంలో మీరే పోయి చూడండి.

రెండోది, పాఠం చెప్పే మనిషి. 2000 జనవరిలో వచ్చిన జీవో నెంబర్ 3 షెడ్యూల్డ్ ఏరియా టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే ఇచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మనం ఆ తీర్పుని ఉద్యోగాల గొడవగానే మాట్లాడుతున్నాం. ఉద్యోగం కూడా ముఖ్యమే. కానీ అసలు నష్టపోయింది ఒకటో తరగతి పిల్ల. తన ఊరి భాష తెలిసిన, వానాకాలంలో కూడా బడికి రాగలిగే మనిషి ఆమెకి దూరమవుతాడు. "నూటికి నూరు శాతం చెల్లదు" అని కోర్టు అంటే, ఆ బడి పిల్లల భాష వచ్చి ఉండటాన్ని అర్హతగా పెట్టమని మనం అడగాలి. భాష ఎవరైనా నేర్చుకోవచ్చు, కాబట్టి అది ఎవరికీ తలుపు మూయదు. ఏకలవ్య బళ్ల నియామకాలు ఢిల్లీ నుంచి దేశమంతటికీ ఒకే పరీక్షతో చేస్తున్నారు. అక్కడ కూడా ఇదే అడగాలి.

మూడోది ఒళ్లు. సికిల్ సెల్, రక్తహీనత మన ప్రాంతాల్లో కొత్త కాదు. ఆ జబ్బున్న పిల్లకి తొందరగా అలసట వస్తుంది, కీళ్లు నొప్పి పెడతాయి. క్లాసులో తల వాల్చితే బద్ధకం అంటారు. చలికాలం రాత్రి జ్వరమొస్తే ఆశ్రమ పాఠశాలలో చూసే నర్సు లేకపోతే, ఇంటికి పంపేస్తారు. అట్లా వెళ్లిన పిల్లల్లో కొందరు మళ్లీ రారు. రిజిస్టర్‌లో మాత్రం "డ్రాపవుట్" అని రాస్తారు.

నాలుగోది క్యాలెండర్. పరీక్షల టైమూ ఇప్పపువ్వు రాలే టైమూ ఒకటే. తెల్లవారుజామున అమ్మానాన్నలు అడవికి పోతే పెద్దపిల్ల ఇల్లు చూసుకోవాలి. తర్వాత తునికాకు పని. ఆ డబ్బులతోనే ఏడాదంతా నడిచే ఇళ్లున్నాయి. "తల్లిదండ్రులకి చదువు విలువ తెలియదు" అనేవాళ్లు ఒక్కసారి ఆ ఇంటి లెక్క వేసి చూడాలి. హాస్టల్లో చివరి నెల గట్టిగా చూసుకుంటే, పండక్కి ఇంటికెళ్లిన పిల్లల్ని వారంలో వెతికి తెచ్చే మనిషి ఉంటే సగం సమస్య తీరుతుంది.

ఈ నాలుగింటిలో ఏదీ పిల్లల చేతిలో లేదు. పెద్దవాళ్లు, ప్రభుత్వం మార్చగలిగినవే అన్నీ. అందుకే ఏ అధికారి అయినా వచ్చి "మీ పిల్లల్లో ఆత్మవిశ్వాసం పెంచాలి" అని మోటివేషన్ క్లాస్ పెడితే, అన్నా, ముందు టీచర్‌ని పెట్టండి అని చెప్పండి.

మరి మనమేం చేయాలి? విద్యాహక్కు చట్టంలో బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని ఉంది. సాధ్యమైనంత వరకు మాతృభాషలో చెప్పాలనీ అదే చట్టంలో ఉంది. 1996 పెసా చట్టం సామాజిక రంగాల సంస్థల మీద, సిబ్బంది మీద గ్రామసభకి, పంచాయతీలకి అధికారం ఉండాలంటోంది. బడి అందులోకే వస్తుంది. డిగ్రీ చదివినవాళ్లం ఊరికి పోయినప్పుడు ఒక పూట బడికి పోదాం. ఎంతమంది టీచర్లున్నారు, పిల్లల భాష ఎందరికి వచ్చు, రాత్రి నర్సు ఉంటుందా, నిరుడు పేరున్న పిల్లల్లో ఈ ఏడు ఎవరు లేరు అని రాసుకుందాం. ఆ కాగితం గ్రామసభలో చదివి తీర్మానం చేయించి, ఐటీడీఏకి పంపి, రసీదు తీసుకుందాం. ఒక్క ఊరు అడిగితే పక్కన పెడతారు. యాభై ఊళ్లు ఒకే నెలలో అడిగితే జవాబు చెప్పాల్సిందే.

వచ్చే ఏడాది ఫలితాల రోజు కూడా ర్యాంకర్ ఫొటో పెట్టండి. దాని కిందే, ఆ బడిలో ఒకటో తరగతిలో ఎంతమంది చేరారో, పదికి ఎంతమంది మిగిలారో ఆ రెండు అంకెలు కూడా రాయండి.

జల్, జంగల్, జమీన్ మనవే. బడి కూడా మనదే. జోహార్!