ఎర్రగీత పడితే మనకు రాదని కాదు

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మొదటి పైథాన్ ల్యాబ్‌లో ప్రోగ్రామ్ సరిగ్గానే నడిచింది. కానీ లైన్లు 79 అక్షరాలు దాటాయని చెకర్ నిండా ఎర్రగీతలు, మార్కులు కట్. నాకిక కోడింగ్ రాదనుకుని ఆ రాత్రి హాస్టల్లో అన్నం తినలేదు.

తర్వాత తెలిసింది. 1928 నాటి ఐబీఎం పంచ్ కార్డుకి 80 నిలువు వరసలు. ఆ వెడల్పే తర్వాత స్క్రీన్లకీ వచ్చింది. పైథాన్ వాళ్ల పెప్ 8 79 అంటే, బ్లాక్ అనే టూల్ 88 అంటుంది. అంటే ఇది తెలివికి కొలత కాదు, ఒప్పందం.

ఒప్పందం మంచిదే, ఫోన్‌లో చదివే మనకు పొట్టి లైనే సుఖం. కానీ టూల్ చూపించకుండా మార్కులు కోయడం తప్పు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బ్లాక్‌లో 79 పెట్టి నడపండి, చాలావరకు అదే సర్దుతుంది. ఎర్రగీతకి భయపడి కోర్సు మాత్రం వదలొద్దు.