లెక్కకు రాని పని

"సాఫ్ట్‌వేర్ ఉచితమే కదా, దించుకుని నేర్చుకో" అని మన ఆడపిల్లలకు తేలిగ్గా చెప్పేస్తారు. ఆ మొదటిరోజు పడే అవస్థ మాత్రం ఎవరూ చెప్పరు. కంప్యూటర్ పాఠాలు చెప్పే నేను ఏటా చూస్తున్నదే ఇది.

బామ్ని సంగతే చూడండి. ఛత్తీస్‌గఢ్‌లోని గనియారి ఆస్పత్రి అవసరాల కోసం మొదలైన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. రోగి వివరాలకు ఓపెన్ఎంఆర్ఎస్, ల్యాబ్ పరీక్షలకు ఓపెన్ఎలిస్, బిల్లులకు ఓడూ... ఇవన్నీ కలిస్తేనే బామ్ని. వీటి వెనక మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ అని రెండు రకాల డేటాబేసులు! డేటాబేసు సిద్ధం కాకముందే సర్వీసు మొదలైతే ఎర్రర్. ఇంటి నంబరులాంటి పోర్టును అప్పటికే మరొకటి వాడుకుంటుంటే ఎర్రర్. మెమరీ చాలకపోతే మధ్యలోనే ఆగిపోతుంది.

2013లో వచ్చిన డాకర్, ఆ తర్వాత వచ్చిన కంపోజ్ ఈ తిప్పలు చాలా తగ్గించాయి. అన్ని సర్వీసుల వివరాలూ ఒక్క ఫైల్లో రాసుకుంటే ఒక్క కమాండ్‌తో నడపొచ్చు. కానీ ఆ ఫైలు ఎవరో రాయాలిగా? వెర్షన్ మారినప్పుడల్లా సరిచూడాలిగా?

ఆ పనికి విలువేదీ? కొత్త ఫీచరు రాసినవాడికి చప్పట్లు. పదిమంది లోపలికి రావడానికి దారి వేసిన అమ్మాయికి "డాక్యుమెంటేషనేగా" అని చప్పరింపు! ఇంటిచాకిరీని పనే కాదన్న నోళ్లే ఇవీనూ.

అమ్మాయిలూ, ఎర్రర్ వస్తే తెలివి లేదని కుంగిపోకండి. దాన్ని ఎలా దాటారో రాసి ప్రాజెక్టుకు పంపండి. అదీ తోడ్పాటే, మీ పేరుతోనే నమోదవుతుంది. ఇంట్లోవాళ్లకూ ఓ మాట. ల్యాప్‌టాప్ కొనిస్తే సరిపోదు, మధ్యలో కేకేయకుండా నాలుగు గంటలు ఆ పిల్లను వదిలేయండి.