తాత ఛాతీ మీది నక్షత్రం

పత్తికొండ మెట్టచేల నుంచి పటాలంలో చేరిన మా తాత ఫోటో ఇంట్లో ఉంది. ఛాతీ మీద ఆరు కోణాల నక్షత్రం. శౌర్య పతకమని చెప్పుకుంటూ పెరిగాం. తప్పు. రెండో ప్రపంచ యుద్ధపు బర్మా స్టార్, 1939-45 స్టార్ ఆకారంలో ఒకటే. తేడా నడుమ అక్షరాల్లో, రిబ్బనులో. నలుపు తెలుపు ఫోటోలో రిబ్బను ఒక అంచు ముదురుగా, మరో అంచు లేతగా ఉంటే 1939-45 స్టార్. బర్మా స్టార్‌కు రెండంచులూ ఒకేలా ఉంటాయి. తాతది బర్మాదే.

1941-45 మధ్య ఆ యుద్ధరంగంలో పనిచేసినందుకు ఇచ్చారు. తుపాకీ పట్టిన సిపాయికీ, రోడ్డు వేసిన పయనీరుకూ అదే నక్షత్రం. లేని శౌర్యం అంటగట్టడమెందుకు? బర్మా వానల్లో రోడ్డు వేయడం తక్కువ పనా?

తమ్ముళ్లారా, సెలవులకు పోతే మీ ఇంటి ఫోటోను భూతద్దంతో చూడండి. టోపీ బిళ్ల స్పష్టంగా ఉంటే పటాలమూ తెలియొచ్చు. మా ఫోటో వెనక ఏ రాతా లేదు. అవ్వ ఉన్నప్పుడే అడిగుంటే ఆయన పటాలం నంబరైనా దొరికేది.