మనసు చదివే చదువు

మనస్తత్వశాస్త్రం అనగానే ఎదుటివారి మనసులోని మాటను ఇట్టే పసిగట్టే విద్య అని చాలామంది భావిస్తారు. అది జ్యోతిషం కాదు. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాలను నెలకొల్పిన నాటి నుంచి కొలతలతో, ప్రయోగాలతో సాగుతున్న శాస్త్రం. లెక్కలకు జడిసి ఇందులో చేరినవారిని గణాంకశాస్త్రం ఇక్కడా పలకరిస్తుంది!

ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో ఈ శాఖలున్నాయి. పట్టభద్రులు పాఠశాలల్లో, పరిశ్రమల్లో, పరిశోధనలో ఉపాధి పొందవచ్చు. చికిత్సా మనస్తత్వ నిపుణులు కావాలంటే మాత్రం పట్టా చాలదు. భారత పునరావాస మండలి గుర్తించిన శిక్షణ పొంది, దాని పట్టికలో పేరు నమోదు చేసుకోవాలి. దారి దీర్ఘమే, కాని రోగి క్షేమం దృష్ట్యా అలా ఉండవలసిందే.

విశాఖపట్నంలో చదువుకుంటూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో 2025 జూలైలో సర్వోన్నత న్యాయస్థానం తీర్పునిస్తూ, వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హతగల సలహాదారో, మనస్తత్వ నిపుణుడో, సామాజిక కార్యకర్తో ఉండాలని ఆదేశించింది. మన కళాశాలలకు తెలుగులో పిల్లల గోడు వినగల నిపుణులు కావాలి. వారిని తయారుచేయనిదే ఆ ఆదేశం అమలయ్యేదెట్లా? ఇంజనీరింగా, వైద్యమా అన్న రెండు ప్రశ్నలతోనే మన ఇళ్ళలో చర్చ ముగుస్తోంది. ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు చదివినవారైనా సాధారణంగా బి.ఎ.లో ఈ శాస్త్రాన్ని ఎంచుకోవచ్చు.