శాతం పెరిగింది, ముప్పు పెరగలేదు

2025 ఫిబ్రవరిలో షబే బరాత్ రాత్రి కబరస్తాన్ నుంచి తిరిగి వస్తుంటే మా బడిలో ఏడో తరగతి చదివే పిల్లవాడొకడు నా పక్కన నడుస్తూ, "సార్, 2032లో నాకు ఇరవై ఏళ్లు వస్తాయి కదా" అన్నాడు. పెద్దయ్యాక ఏమవుతానని అడగబోతున్నాడేమో అనుకున్నాను. కాదు. ఆ సంవత్సరం డిసెంబరు 22న ఒక గ్రహశకలం వచ్చి భూమిని ఢీకొంటుందట, అది పడే దారిలో మన దేశం కూడా ఉందట. ఇంట్లో అందరి ఫోన్లలోనూ అదే వార్త. వాళ్ల నానీ అయితే ఇది ప్రళయ సూచన అని తస్బీహ్ పట్టుకుని కూర్చుందట.

నేను నవ్వేసి, "నూటికి తొంభై ఎనిమిది పాళ్లు అది రాదు, వెళ్లి పడుకో" అన్నాను. ఐదు రోజుల తరువాత వాడు మళ్లీ వచ్చాడు. "మీరు రాదన్నారు. రెండు శాతం ఉన్నది మూడు దాటింది సార్" అన్నాడు. ఆ రోజు నా దగ్గర సమాధానం లేదు. పిల్లవాడికి ధైర్యం చెప్పానే గాని లెక్క చెప్పలేదు. లెక్క లేని ధైర్యం ఐదు రోజులు కూడా నిలవలేదు. తరువాత కూర్చుని చదివి నేను అర్థం చేసుకున్నది పాఠక సోదర సోదరీమణుల ముందు ఉంచుతున్నాను. ఇలాంటి వార్త మళ్లీ రాక మానదు.

సంగతి ఇది. 2024 డిసెంబరు 27న దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో ఉన్న అట్లాస్ దూరదర్శినికి ఒక మసక చుక్క కనిపించింది. దానికి 2024 వైఆర్4 అని పేరు పెట్టారు. ఆ పేరులోనే ఒక లెక్క ఉంది. సంవత్సరాన్ని పక్షాలుగా విడదీసి ఒక్కో పక్షానికి ఒక ఇంగ్లీషు అక్షరం ఇస్తారు; వై అంటే డిసెంబరు రెండో సగం. ఆ తరువాతి అక్షరం, అంకె కలిపి ఆ పక్షంలో నమోదైన వరుస సంఖ్య. ఆర్4 అంటే 117వది. ఒక్క పక్షం రోజుల్లో అన్ని కొత్త శకలాలు లెక్కకెక్కుతున్నాయన్నమాట. ఇక్కడ గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఇది కనిపించడానికి రెండు రోజుల ముందే, డిసెంబరు 25న, సుమారు 8 లక్షల 29 వేల కిలోమీటర్ల దూరంలో మనల్ని దాటి వెళ్లిపోయింది. అంటే చంద్రుడున్న దూరానికి రెండింతలకు పైచిలుకు. వచ్చినప్పుడు చూడలేదు, వెళ్తుండగా వీపు చూశాం. అది దూరమవుతున్న కొద్దీ మసకబారుతుంది గనుక దాని దారి లెక్కగట్టడానికి శాస్త్రజ్ఞులకు దొరికిన వ్యవధి చాలా తక్కువ.

జనవరి నెలాఖరుకు ఢీకొనే అవకాశం 1 శాతం దాటింది. ఫిబ్రవరి మొదటి వారం గడిచేసరికి 2 శాతం దాటింది. ఆ తరువాత పున్నమి వచ్చింది. పిల్లవాడూ నేనూ కబరస్తాన్ నుంచి నడిచి వచ్చింది ఆ వెన్నెల్లోనే. అంత వెలుగులో అంత మసక వస్తువు కనిపించడం కష్టం గనుక ఆ వారంలో పరిశీలనలు తగ్గాయి. పున్నమి దాటి కొత్త కొలతలు రాగానే, ఫిబ్రవరి 18న, నాసా లెక్క 3.1 శాతానికి చేరింది. మరునాడు సగానికి పడింది. ఇంకో రోజుకు 0.28. ఫిబ్రవరి 24కల్లా 0.004 శాతం. భూమికి సంబంధించినంతవరకు కథ ముగిసింది. 3.1 అన్న రోజు పెద్ద అక్షరాల్లో అచ్చయిన వార్త, 0.004 అన్న రోజు పత్రికల్లో ఏ మూలన పడిందో వెతుక్కోవలసి వచ్చింది. ఫోన్లలోనైతే ఆ రెండో వార్త ఎవరూ ఎవరికీ పంపినట్టే లేదు.

మరి పెరుగుతూ పోయింది హఠాత్తుగా ఎందుకు పడిపోయింది? రాయి దారి మార్చుకుందా? లేదు. అది మొదటి నుంచీ ఒకే దారిలో ఉంది. దీన్ని పిల్లవాడికి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ మసీదు మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుండగా నాకే ఉదాహరణ దొరికింది.

ఇషా నమాజులో ఉండగా కరెంటు పోయిందనుకోండి. బయటికి వస్తే మెట్ల దగ్గర వంద జతల చెప్పులు. ఒక జత మాత్రం మురుగు కాలువ అంచున ఉంది, కాలు తగిలితే లోపలికి పోతుంది. అది నాదేనా? చీకట్లో ఏమీ తెలియదు గనుక నూటికి ఒక వంతు నాదే కావచ్చు. టార్చి వేసి యాభై జతలు చూశాను, వాటిలో నావి లేవు. ఇప్పుడు ఆ అంచునున్న జత నాదయ్యే అవకాశం యాభైలో ఒకటి, అంటే 2 శాతం. ఇంకో పదిహేడు జతలు చూశాను, లేవు. మిగిలింది ముప్పై మూడు, అంటే అవకాశం 3 శాతానికి చేరింది. నా చెప్పులు ఎక్కడ విడిచానో అక్కడే ఉన్నాయి, కాలువ వైపు ఒక్క అంగుళం కూడా జరగలేదు. తగ్గిందల్లా నాకు తెలియనితనం. ఇంకాసేపటికి స్తంభం పక్కన నా జత దొరికింది. అవకాశం సున్నా.

2032 డిసెంబరు 22న ఆ రాయి ఉండగల చోట్లన్నీ కలిపి అంతరిక్షంలో ఒక పొడవాటి పట్టీలా గీయవచ్చు. మొదట్లో ఆ పట్టీ బహు పెద్దది, అందులో మన భూమి ఒక చుక్క. ప్రతి కొత్త పరిశీలనతో పట్టీ కుదించుకుపోతుంది. భూమి ఇంకా పట్టీలోనే ఉన్నంతకాలం పట్టీలో దాని వాటా పెరుగుతూనే ఉంటుంది. చివరికి పట్టీ అంచు భూమిని దాటి పక్కకు జరిగిందా, వాటా ఒక్కసారిగా మాయమవుతుంది. పెరిగి పడడం ఈ లెక్కలో మామూలు నడక. 2004 డిసెంబరులో అపోఫిస్ అనే పెద్ద శకలం విషయంలోనూ ఇంతే జరిగింది. 2029లో అది ఢీకొనే అవకాశం 2.7 శాతం దాకా పోయి, పాత ఛాయాచిత్రాల్లో దాని జాడ దొరకగానే 2029 గండం తప్పింది. పది మెట్ల టొరినో కొలమానంలో నాలుగో మెట్టు దాకా ఎక్కింది అదొక్కటే. వైఆర్4 మూడో మెట్టు దాకా వెళ్లి దిగింది.

అయితే భయపడవలసింది ఏమీ లేదని కొట్టిపారేయడం కూడా తప్పే. ఒక్కోసారి కాలువ అంచునున్న జత మనదే కావచ్చు. వైఆర్4 వెడల్పు సుమారు 60 మీటర్లు. 1908 జూన్ 30న సైబీరియాలోని తుంగుస్కా అడవి మీద ఇంచుమించు అంతే ఉన్న వస్తువు గాలిలోనే పేలి రెండు వేల చదరపు కిలోమీటర్ల మేర చెట్లను నేలకూల్చింది. 2013 ఫిబ్రవరి 15, శుక్రవారం ఉదయం రష్యాలోని చెల్యాబిన్స్క్ నగరం మీద పేలిన రాయి దాదాపు 20 మీటర్లది. దాన్ని ముందుగా ఎవరూ చూడలేదు, సూర్యుడి వైపు నుంచి వచ్చింది. దాదాపు 1500 మంది గాయపడ్డారు. ఎక్కువ మందికి తగిలింది రాయి కాదు, కిటికీ అద్దాలు. వెలుగు ముందు వచ్చింది, ఆ వెలుగేమిటో చూద్దామని జనం కిటికీల దగ్గరకు చేరారు, ఒకటి రెండు నిమిషాల తరువాత గాలి దెబ్బ వచ్చి అద్దాలు పగిలాయి. ఆకాశంలో కళ్లు చెదిరే మెరుపు కనిపిస్తే కిటికీ దగ్గరికి పరుగెత్తకూడదని పిల్లలకు చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఫోన్లో వచ్చిన వంద సందేశాల్లో ఈ ఒక్క మాట నాకు కనిపించలేదు.

కనిపించిన సందేశాల తీరు మరోలా ఉంది. అదే సంవత్సరం జూలైలో ఇంకొకటి తిరిగింది: ఆగస్టు 2న ప్రపంచమంతా ఆరు నిమిషాలు చీకటి కమ్ముతుందని. 2025 ఆగస్టు 2న ఏ గ్రహణమూ లేదు. అసలు విషయం 2027 ఆగస్టు 2ది. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం ఉంది. దక్షిణ స్పెయిన్ నుంచి ఉత్తర ఆఫ్రికా మీదుగా సౌదీ అరేబియా, యెమెన్ దాకా దాని నీడ సాగుతుంది. ఈజిప్టులోని లగ్జర్ ప్రాంతంలో ఆరు నిమిషాలకు పైగా, జెద్దాలో దాదాపు ఆరు నిమిషాలు, పవిత్ర మక్కాలో ఐదు నిమిషాలు సూర్యుడు పూర్తిగా కప్పబడతాడు. మన దేశంలో పాక్షికంగానే కనిపిస్తుంది. ఎవరో నిజాన్ని తీసుకుని సంవత్సరం మార్చి, ఒక ఇరుకు దారిని ప్రపంచమంతా చేశారు. కాబా మీద చీకటి అనగానే 2027లో ఈ సందేశాలు ఏ రూపంలో వస్తాయో ఊహించడం కష్టం కాదు.

ఇందులో మన ఇళ్లకు ప్రత్యేకంగా సంబంధించిన మాట ఒకటుంది. మహాప్రవక్త ముహమ్మద్ (స) గారి చిన్నారి కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజునే సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ కోసమే సూర్యుడు చీకటి పడ్డాడని జనం అనుకున్నారు. పుత్రశోకంలో ఉన్న తండ్రి ఆ మాటను అలాగే వదిలేయవచ్చు. కాని ఆయన వెంటనే ఖండించారు. సూర్యచంద్రులు దైవ సూచనలని, ఎవరి చావు పుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదని చెప్పి, నమాజు చేయమన్నారు. ఈ హదీసు మన పిల్లలకు కంఠస్థం. అయినా గ్రహణం నాడు కడుపుతో ఉన్న కోడలిని కదలకుండా పడుకోబెట్టే ఇళ్లు మన మొహల్లాల్లో ఇప్పటికీ ఉన్నాయి. ప్రళయ ఘడియ జ్ఞానం అల్లాహ్‌కు తప్ప ఎవరికీ లేదని నమ్మేవారే డిసెంబరు 22 అని తేదీతో సహా ప్రళయాన్ని ఒకరికొకరు పంపుకున్నారు.

ఆకాశం గురించి తెలుసుకోవాలంటే పెద్ద చదువులు, పెద్ద యంత్రాలు కావాలన్న అభిప్రాయం ఒకటి మనల్ని వెనక్కి లాగుతోంది. 2019 ఆగస్టులో సౌర కుటుంబం బయటి నుంచి వచ్చిన మొదటి తోకచుక్కను పట్టుకున్నది క్రిమియాలోని గెన్నాదీ బోరిసోవ్ అనే ఔత్సాహికుడు, తన చేత్తో చేసుకున్న దూరదర్శినితో. 2009 జూలైలో గురుగ్రహం మీద ఏదో గుద్దుకున్న నల్లటి మచ్చను లోకానికి మొదట చూపింది ఆస్ట్రేలియాలో ఆంథొనీ వెస్లీ అనే మరో ఔత్సాహికుడు. అంత దూరం పోనక్కరలేదు. 1901లో హైదరాబాదు ఫిసల్‌బండలో నవాబ్ జఫర్ జంగ్ సొంత డబ్బుతో 15 అంగుళాల దూరదర్శిని తెప్పించి వేధశాల కట్టించారు. అదే నిజామియా వేధశాల. ఆయన తరువాత ప్రభుత్వం చేతికి, ఆపైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వెళ్లింది. ప్రపంచ దేశాలు కలిసి చేసిన నక్షత్ర పట్టికలో హైదరాబాదు తన వంతు ఆకాశాన్ని పూర్తి చేసి లక్షలాది నక్షత్రాల స్థానాలను సంపుటాలుగా అచ్చు వేసింది. ఇదంతా ఒక మనిషి ఆసక్తితో మొదలైంది. ఆ వేధశాల పేరు తెలిసిన వాళ్లు ఇప్పుడు మన పిల్లల్లో ఎందరున్నారు?

శాతం సున్నాకు దగ్గరైన ఆ వారంలో మగ్రిబ్ తరువాత ఆ పిల్లవాణ్ణి మా మేడ మీదికి పిలిచాను. వాళ్ల నానీ కూడా మెట్లు ఎక్కి వచ్చింది. పడమట జొహ్రా, అంటే శుక్రుడు, దీపంలా వెలుగుతోంది. నడినెత్తికి దగ్గరగా ముష్తరీ, అంటే గురుడు. దాని పక్కనే ఎర్రటి అల్‌దబరాన్, మన తెలుగు రోహిణి. ఆ పైన సురయ్యా, అంటే కృత్తికలు. అల్‌దబరాన్ అనే అరబీ మాటకు వెంట నడిచేది అని అర్థం. సురయ్యా వెనకే నడుస్తుంది గనుక ఆ పేరు. నానీ కాసేపు చూసి, "సురయ్యా అంటే ఇదా, నా చెల్లెలి పేరు" అంది. దక్షిణాన తాటిచెట్ల పైన సుహైల్, మనవాళ్ల అగస్త్య నక్షత్రం. ఇళ్లలో పేర్లుగా పిలుచుకుంటున్న వాటిని ఇన్నేళ్లుగా ఎవరూ వాళ్లకు చూపించలేదు.

సౌదీ నుంచి నా బావమరిది తెచ్చిన పాత బైనాక్యులర్ ఉంది. దాన్ని పిట్టగోడ మీద ఆనించి ముష్తరీ వైపు తిప్పితే పక్కన సూది మొనల్లాంటి చుక్కలు వరుసగా కనిపించాయి. అవి దాని చంద్రులని చెప్పాను. మరునాడు చూస్తే చోట్లు మారి ఉంటాయని కూడా చెప్పాను. వాడు నమ్మలేదు. నన్ను ఒకసారి నమ్మి మోసపోయాడు కదా. నోటు పుస్తకంలో బొమ్మ వేసుకుని మరునాడు మళ్లీ వచ్చాడు. చోట్లు మారాయి. దాని కింద తేదీ వేసుకున్నాడు.

అప్పటి నుంచి వాడి ప్రశ్నలు వేరుగా ఉన్నాయి. అపోఫిస్ 2029 ఏప్రిల్ 13న, శుక్రవారం నాడు, భూమికి సుమారు 32 వేల కిలోమీటర్ల దూరంలో నుంచి వెళ్తుందని చదివాడు. మన ఇళ్ల మీది డిష్‌లకు సంకేతాలు పంపే ఉపగ్రహాలు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. అది వాటికంటే దగ్గరగా వస్తుంది. కనీసం నూరేళ్ల దాకా దానివల్ల ప్రమాదం లేదని 2021లోనే నాసా తేల్చింది. ఆ రాత్రి యూరప్, ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రజలకు అది మామూలు కంటికే నక్షత్రంలా నడుస్తూ కనిపిస్తుంది. వాళ్ల మామూ జెద్దాలో డ్రైవరు. ఆ రోజు రాత్రి డ్యూటీ పెట్టుకోవద్దని ఇప్పటి నుంచే ఫోన్లో చెబుతున్నాడట.